బొడ్డు హెర్నియా: చికిత్స తరువాత బొడ్డు రూపు

మానవ శరీరంపై కనిపించే మచ్చలలో అందరికీ సమానంగా ఉన్నది ఒక్కటే. అది బొడ్డు. దెబ్బ తగలనివారు, కత్తిగాటు ఎరుగనివారు ఉండవచ్చును గాని, పుట్టిన కొద్దిరోజులకే ఏర్పడి కడవరకు నిలిచే ఈ మచ్చ మాత్రం ప్రతివారికీ ఉంటుంది. దీనికి సంస్కృతంలో నాభి అని పేరు. బండిచక్రపు నడిమి దిమ్మకు కూడ నాభి అనే పేరు ఉన్నది. గణితశాస్త్రంలో దీర్ఘవృత్తానికి గల రెండు ముఖ్య బిందువులను కూడ నాభులని పిలుస్తారు. చక్రపు నాభి చుట్టూ ఆకులు అమరినట్లు శరీరంలోని సిరలన్నీ బొడ్డు చుట్టూ అమరి ఉన్నవని సుశ్రుతుడు భావించాడు. పుట్టిన మనిషి విషయంలో ఈ మాట సరికాదు. కాని తల్లి గర్భంలో ఉన్న శిశువు విషయంలో ఇందులో కొంత సత్యం ఉన్నది.

తెలుగులో మరీ పసివాడిని "బొడ్డూడనివాడు" అంటారు. బొడ్డు ఊడటం అంటే గర్భవాసపు చివరి ఆనవాలు రాలిపోవటమే. ఆ ఆనవాలు రాలిన తరువాత మిగిలిన ద్వారం గట్టిగా మూసుకొనవలెను. మూసుకొనకపోతే పొట్టలోని పదార్థం ఆ ద్వారం గుండా ముందుకు పొంగి, బొడ్డు బుడిపెవలె కనిపిస్తుంది. దీనినే బొడ్డు హెర్నియా అంటారు. దీని విషయంలో ప్రజలు రెండు విధాలైన పొరపాట్లు చేస్తుంటారు. పసిబిడ్డకు వచ్చినప్పుడు అనవసరంగా ఆందోళన పడి నాణేలు, పట్టీలు కడతారు. పెద్దవారికి వచ్చినప్పుడు సిగ్గుపడి దాచిపెడతారు. మొదటిది బిడ్డ చర్మానికి హాని చేస్తుంది. రెండవది ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు తెస్తుంది. చికిత్స జరిగిన తరువాత కూడ బొడ్డు మునుపటివలె ఉండగలదా అనే సందేహం పెక్కుమందిని బాధిస్తుంది. ఈ విషయాలన్నిటికీ మూలం బొడ్డు నిర్మాణంలో ఉన్నది.

బొడ్డుతాడు పని

గర్భంలోని శిశువు తన ఊపిరితిత్తులతో గాలి పీల్చదు. తన నోటితో ఆహారం తీసుకొనదు. ప్రాణవాయువు, పోషక పదార్థాలు తల్లి రక్తంనుంచి మావి ద్వారా లభిస్తాయి. మావిని, శిశువును కలిపేది బొడ్డుతాడు. నెలలు నిండేనాటికి ఇది సుమారు 50 సెంటీమీటర్ల పొడవు, ఒకటి రెండు సెంటీమీటర్ల మందం ఉంటుంది. ఇందులో మూడు రక్తనాళాలు ఉన్నవి. రెండు ధమనులు శిశువు రక్తాన్ని మావికి తీసికొనిపోతాయి. ఒక సిర శుభ్రపడిన రక్తాన్ని శిశువుకు తిరిగి తెస్తుంది. ఈ నాళాలు నలిగిపోకుండ వాటి చుట్టూ జిగురువంటి మెత్తని పదార్థం నిండి ఉంటుంది. ఆంగ్ల వైద్యుడు థామస్ వార్టన్ 1656లో ప్రకటించిన గ్రంథంలో దీనిని వర్ణించినందున దీనికి వార్టన్ జెల్లీ అనే పేరు వచ్చింది.

ఈ తాడు శిశువు శరీరంలో ప్రవేశించటానికి పొట్టగోడలో గుండ్రని ద్వారం ఒకటి ఉండవలసిందే. ఆ ద్వారం గుండా పోయేవి రక్తనాళాలు మాత్రమే కావు. పిండం వయస్సు ఆరవ వారం వచ్చేసరికి పేగులు మిక్కిలి వేగంగా పెరుగుతాయి. ఇంకా చిన్నదిగా ఉన్న పొట్టలో వాటికి చోటు చాలదు. అప్పుడవి బొడ్డుతాడు మొదట్లోకి జరిగి అక్కడ పెరుగుతాయి. పదవ వారం ప్రాంతంలో పొట్ట తగినంత విశాలం కాగానే తిరిగి లోపలికి చేరుకొంటాయి. అనగా పుట్టకముందు ప్రతి మనిషికీ ఒకసారి బొడ్డు గుండా పేగులు వెలికి వచ్చి, తిరిగి లోపలికి పోయినవన్నమాట. ఆ దశలో ఇది ప్రకృతి సిద్ధమైన ఏర్పాటే గాని వ్యాధి కాదు.

ద్వారం మూసుకొనే తీరు

ప్రసవం కాగానే బొడ్డుతాడును ముడివేసి కోస్తారు. బిడ్డకు అంటుకొని మిగిలిన ముక్క ఎండి, నల్లబడి, సాధారణంగా ఒకటి రెండు వారాలలో ఊడిపోతుంది. పూర్వం ఆ ముక్కపై బూడిద, పేడ వంటివి పూయటం, శుభ్రత లేని కత్తితో కోయటం వలన ధనుర్వాతం సోకి పెక్కుమంది శిశువులు మరణించేవారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన ప్రసవాలు వ్యాపించిన తరువాత, నవజాత శిశువుల ధనుర్వాతం ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినదని భారతదేశం విషయంలో 2015లో ధ్రువీకరణ జరిగింది.

తాడు ఊడిన తరువాత లోపల కూడ మార్పులు జరుగుతాయి. రక్తం ప్రవహించని నాళాలు ముడుచుకొని నారత్రాళ్లుగా మారుతాయి. సిర మారిన త్రాడు పైకి, కాలేయంవైపు పోతుంది. ధమనులు మారిన త్రాళ్లు రెండూ క్రిందికి, మూత్రాశయపు ఇరుప్రక్కలకు పోతాయి. గర్భదశలో మూత్రాశయంనుంచి బొడ్డువరకు ఉండే ఒక గొట్టం కూడ ముడుచుకొని నారగా మారుతుంది. ఈ త్రాళ్లూ, వాటి చుట్టూ పెరిగిన మచ్చకణజాలమూ కలిసి ద్వారాన్ని మూసివేస్తాయి. క్రిందిభాగంలో మూడు త్రాళ్లు కలియటంవలన అక్కడ మూత గట్టిగా ఉంటుంది. పైభాగంలో సిరత్రాడు ఒక్కటే ఉన్నందున ఆ చోటు కొంత బలహీనం. బొడ్డు హెర్నియా తరచుగా ఈ పైభాగంనుంచే బయలుదేరటానికి కారణం ఇదే.

ఇక్కడ గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. పొట్టమీద చర్మానికీ, లోపలి గట్టి నారపొరకూ నడుమ కొవ్వు ఉంటుంది. బొడ్డు దగ్గర మాత్రం ఈ కొవ్వు లేదు. అక్కడ చర్మం మచ్చద్వారా నేరుగా నారపొరకు అతుక్కొని ఉంటుంది. బిడ్డ పెరిగి చుట్టూ కొవ్వు చేరినకొద్దీ చుట్టుప్రక్కల చర్మం పైకి లేస్తుంది; అతుక్కొన్న చోటు అట్లాగే ఉండిపోతుంది. పరుపును కుట్టినప్పుడు దారం లాగిన చోట గుంట పడినట్లే ఇదీను. బొడ్డు గుంటగా ఉండటానికి కారణం అక్కడ ఏదో తరిగిపోవటం కాదు. చర్మం అడుగుకు అంటి ఉండటమే. బొడ్డును తిరిగి తీర్చే శస్త్రచికిత్స అంతా ఈ ఒక్క సూత్రంపై ఆధారపడి ఉన్నది.

కొందరికి ఏ హెర్నియా లేకుండానే బొడ్డు పైకి ఉబికి ఉంటుంది. మచ్చకణజాలం ఎక్కువ కావటమో, చర్మం మిగులుగా ఉండటమో ఇందుకు కారణం. దగ్గినా ఇది పెరగదు. నొక్కితే లోపలికి పోదు. ఇది రోగం కాదు. బొడ్డు కోసిన తీరునుబట్టి దాని రూపు ఏర్పడుతుందనే నమ్మకం మిక్కిలి ప్రాచీనమైనది. సరిగా కోయనందున వచ్చే నాభి వికారాలను పేర్కొంటూ చరకసంహిత "ఉత్తుండితం" అనే పేరును కూడ చెప్పింది. కాని తాడును పొడవుగా కోసినా, పొట్టిగా కోసినా అది ఊడేది చర్మపు అంచువద్దనే. కనుక మంత్రసాని చేతిలోగాని, వైద్యుని చేతిలోగాని బొడ్డు రూపు లేదు.

పసిబిడ్డలలో ఉబ్బు

పసిబిడ్డ ఏడ్చినప్పుడు, ముక్కినప్పుడు బొడ్డు బుడిపెగా ఉబికి, నిద్రించినప్పుడు తగ్గిపోతే అది హెర్నియా అని గ్రహించవచ్చును. నెలలు నిండకుండా పుట్టినవారిలోను, తక్కువ బరువుతో పుట్టినవారిలోను ఇది ఎక్కువ. థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే సరిగా పనిచేయని బిడ్డలలోను, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలోను కూడ తరచు కనిపిస్తుంది. అందుచేత బుడిపెతోపాటు బిడ్డ మందకొడిగా ఉండటం, ఎదుగుదల తక్కువగా ఉండటం వంటి లక్షణాలుంటే వైద్యునికి తప్పక చూపవలెను.

మిగిలిన బిడ్డల విషయంలో ప్రకృతే వైద్యుడు. వయస్సుతోపాటు పొట్ట కండరాలు బలపడుతాయి; ద్వారపు అంచులు దగ్గరకు వస్తాయి. అత్యధిక సంఖ్యాకులలో నాలుగైదు సంవత్సరాలు వచ్చేసరికి ద్వారం దానంతటదే మూసుకొంటుంది. మూసుకొనేదీ లేనిదీ బుడిపె పొడవుపై ఆధారపడి ఉండదు. అడుగున ఉన్న ద్వారపు వెడల్పే ముఖ్యం. ఒక సెంటీమీటరుకు లోపల ఉన్న ద్వారం సాధారణంగా మూసుకొంటుంది. రెండు సెంటీమీటర్లకు మించితే ఆ అవకాశం తక్కువ. ఏనుగు తొండంవలె పొడవుగా వేలాడే బుడిపె అడుగున చిన్న ద్వారమే ఉండవచ్చును. చూపుకు భయం కలిగించేది తప్పనిసరిగా ప్రమాదకరం కాదని దీనివలన తెలుస్తున్నది. బిడ్డలలో పేగు ఆ ద్వారంలో ఇరుక్కొనటం అరుదు. కనుకనే నాలుగైదు ఏండ్లు వచ్చేవరకు ఆగి, అప్పటికీ మూసుకొనకపోతే శస్త్రచికిత్స చేయటం ఆనవాయితీ.

బుడిపెమీద రూపాయి బిళ్ల పెట్టి గుడ్డతో బిగించి కట్టటం మన ఇండ్లలోను, ఇతర దేశాలలోను ఉన్న పాత అలవాటు. దీనివలన ప్రయోజనం లేదని ఒక చిన్న ప్రయోగంతో తరగతిలో చూపవచ్చును. అట్టపెట్టెకు ఒక ప్రక్క గుండ్రని రంధ్రం చేసి, పెట్టెలోపల రబ్బరు బుడగను ఊదితే అది రంధ్రంనుంచి వెలికి ఉబుకుతుంది. ఉబికిన భాగాన్ని బిళ్లతో నొక్కితే లోపలికి పోతుంది. బిళ్ల తీయగానే తిరిగి వస్తుంది. బిళ్ల బుడగను నెట్టిందేగాని రంధ్రపు అంచులను దగ్గరకు లాగలేదు. బిడ్డ విషయంలోనూ జరిగేది ఇంతే. పైగా బిళ్ల క్రింద చెమట నిలిచి చర్మం ఒరుసుకొనిపోతుంది. పుండు పడి చీము పట్టవచ్చును. నాణెం కట్టిన బిడ్డలకు నయమైనట్లు కనబడటానికి కారణం, కట్టకపోయినా వారికి నయమై ఉండేదే కనుక.

పెద్దవారిలో ఉబ్బు

పెద్దవారి విషయం ఇందుకు భిన్నం. వీరిలో హెర్నియా దానంతటది మూసుకొనదు. కాలం గడిచినకొద్దీ పెరుగుతుంది. స్థూలకాయం, పలుమార్లు గర్భధారణ, కాలేయ వ్యాధివలన పొట్టలో నీరు చేరటం, దీర్ఘకాలపు దగ్గు దీనికి ముఖ్యకారణాలు. ఇవన్నీ పొట్టలోపలి ఒత్తిడిని పెంచేవి, లేదా పొట్టగోడను సాగదీసేవి.

ద్వారం ఎందుకు పెద్దదవుతుందో భౌతికశాస్త్రం చెప్పగలదు. ఒత్తిడిని వైశాల్యంతో గుణిస్తే బలం వస్తుంది. గట్టిగా దగ్గినప్పుడు పొట్టలోపలి ఒత్తిడి 100 మిల్లీమీటర్ల పాదరసానికి చేరుకొనగలదు. అనగా ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు 136 గ్రాముల బరువు. రెండు సెంటీమీటర్ల వ్యాసం గల ద్వారపు వైశాల్యం సుమారు 3.14 చదరపు సెంటీమీటర్లు. కనుక దానిపై పడే బలం సుమారు 427 గ్రాముల బరువుకు సమానం. వ్యాసం నాలుగు సెంటీమీటర్లైతే వైశాల్యం నాలుగింతలై, బలం 1,700 గ్రాములు దాటుతుంది. ద్వారం రెండింతలైతే నెట్టే బలం నాలుగింతలవుతుంది. ఆ బలం ద్వారాన్ని మరింత వెడల్పు చేస్తుంది. చిన్న హెర్నియా తనంత తానే పెద్దదయ్యే క్రమం ఇదే.

ఐతే చిన్న ద్వారం కూడ నిరపాయకరం కాదు. పెద్దవారిలో ద్వారపు అంచులు గట్టిగా ఉంటాయి. ఇరుకైన ద్వారం గుండా పేగు కొంతభాగం వెలికివచ్చి, తిరిగి పోలేక అక్కడే ఇరుక్కొనవచ్చును. అప్పుడు దాని రక్తనాళాలు నొక్కుకొనిపోయి, రక్తం అందక పేగు కుళ్లిపోతుంది. ఇది కొన్ని గంటలలో ప్రాణాపాయానికి దారితీసే స్థితి.

చరిత్రలో ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ బ్రిటన్ రాణి కారొలైన్ మరణం. ఆమె రెండవ జార్జి రాజు భార్య. 1724లో చివరి బిడ్డ పుట్టిన తరువాత ఆమెకు బొడ్డువద్ద హెర్నియా ఏర్పడింది. ఆమె దానిని పదమూడు సంవత్సరాలు రహస్యంగా ఉంచింది. 1737 నవంబరులో తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు ప్రారంభమైనప్పుడు కూడ మొదటి రోజులలో వైద్యులకు చెప్పలేదు. వారు కడుపునొప్పికి మందులిస్తూ వచ్చారు. చివరకు రాజు చెప్పటంవలన విషయం బయటపడింది. మత్తుమందులు, క్రిమిరహిత పద్ధతులు లేని ఆ రోజులలో వైద్యులు కోసి చూశారు గాని లాభం లేకపోయింది. ఇరుక్కొన్న పేగు పగిలి, నవంబరు 20న ఆమె మరణించింది. రాజ్యంలోని గొప్ప వైద్యులందరూ మంచం ప్రక్కన ఉన్నా, రోగం ఎక్కడ ఉన్నదో తెలియనంతకాలం వారు చేయగలిగినదేమీ లేకపోయింది.

ద్వారాన్ని మూసే విధానాలు

బొడ్డు హెర్నియాకు నమ్మకమైన శస్త్రచికిత్స పంతొమ్మిదవ శతాబ్దం చివరగాని రాలేదు. అమెరికాకు చెందిన విలియం మేయో 1901లో ఒక పద్ధతిని ప్రకటించాడు. ద్వారపు పైఅంచును క్రిందిఅంచుమీదకు తెచ్చి, చొక్కా అంచును పంట్లాముమీద వదిలినట్లు ఒకదానిపై ఒకటి పరచి కుట్టటం దీని సారాంశం. అర్ధశతాబ్దానికి పైగా ఇది ప్రామాణికంగా చెలామణి అయింది. ఐతే రెండు అంచులను బలవంతంగా ఒకదానిపైకి మరొకదానిని లాగటంవలన కుట్లపై బిగువు పెరుగుతుంది. బిగువు ఎక్కువైన చోట కుట్లు కణజాలాన్ని మెల్లమెల్లగా కోస్తాయి. అందువలన కొందరిలో హెర్నియా తిరిగి వచ్చేది.

1958లో అమెరికన్ శస్త్రవైద్యుడు ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్ దారాలతో అల్లిన వలను హెర్నియా చికిత్సలో ప్రవేశపెట్టాడు. ఈ వల కన్నాలలోనికి శరీర కణజాలం పెరిగి, వలా గోడా ఏకమవుతాయి. వలను ద్వారపు అంచులకు మించి అన్నివైపులా పరచి, గోడకు లోపలివైపున అమర్చటం మేలు. ధాన్యపు గోనెకు చిల్లి పడినప్పుడు లోపలినుంచి అతుకు వేస్తే, గింజల ఒత్తిడే ఆ అతుకును గోనెకు అదిమి పట్టి ఉంచుతుంది. బయటినుంచి వేసిన అతుకును అదే ఒత్తిడి ఊడదీస్తుంది. పొట్టగోడ విషయంలోను ఇదే న్యాయం వర్తిస్తుంది.

వల ప్రయోజనాన్ని లెక్కలు కూడ నిరూపించినవి. స్పెయిన్ దేశపు వైద్యులు 200 మంది రోగులపై జరిపి 2001లో ప్రకటించిన పరిశీలనలో, కుట్లు మాత్రమే వేసినవారిలో నూటికి 11 మందికి, వల అమర్చినవారిలో నూటికి ఒకరికి హెర్నియా తిరిగి వచ్చింది. ఒకటినుంచి నాలుగు సెంటీమీటర్ల హెర్నియా గల 300 మందిపై జరిపి 2018లో ప్రకటించిన మరొక పరిశీలనలో ఈ సంఖ్యలు 12, 4 గా తేలినవి. ఈ కారణాలచేత ఒక సెంటీమీటరుకు మించిన ద్వారానికి వల అమర్చటం మంచిదని ఐరోపా, అమెరికా హెర్నియా సంఘాలు 2020లో సూచించినవి. పసిబిడ్డలకు మాత్రం వల అవసరం లేదు. వారి కణజాలం మెత్తనిది, కుట్లు చాలును.

బొడ్డు రూపును కాపాడటం

పూర్వం పెద్ద హెర్నియాలకు చికిత్స చేసేటప్పుడు బొడ్డును పూర్తిగా తొలగించటం కూడ జరిగేది. ద్వారం మూయటమే లక్ష్యంగాని, రూపు గురించి ఆలోచన తక్కువ. ఈనాడు సాధ్యమైనంతవరకు బొడ్డును నిలుపుతారు. సామాన్య పద్ధతిలో వైద్యుడు బొడ్డుకు దిగువగా, చర్మపు మడతవెంబడి నెలవంకవలె గాటు పెడతాడు. మానిన తరువాత ఆ గీత మడతలో కలిసిపోయి కనబడదు. తరువాత హెర్నియా సంచిని బొడ్డు చర్మంనుంచి విడదీస్తాడు. ఇక్కడ చర్మం మిక్కిలి పలుచన. చిల్లి పడకుండ, దాని రక్తప్రసారం చెడకుండ నేర్పుతో చేయవలసిన పని ఇది.

సంచిలోని పదార్థాన్ని లోపలికి నెట్టి, ద్వారాన్ని మూసిన తరువాత బొడ్డు చర్మం దేనికీ అంటకుండ వదులుగా మిగులుతుంది. దానిని అట్లాగే వదిలితే గుంట ఏర్పడదు. చదునుగానో, ఉబ్బుగానో నిలుస్తుంది. కనుక ఆ చర్మపు అడుగుభాగాన్ని నారపొరకు ఒకటి రెండు కుట్లతో తగిలిస్తారు. ప్రకృతి మచ్చతో చేసిన పనిని వైద్యుడు దారంతో చేస్తాడు. కరిగిపోయే దారమైతే అది కరిగేలోపల మచ్చ ఏర్పడి, చర్మాన్ని అడుగుకు పట్టి ఉంచుతుంది. గుంటలో దూది ఉండను ఉంచి కొన్నిరోజులు కట్టు కట్టటం కూడ ఉన్నది. చర్మం క్రింద రక్తం, నీరు చేరకుండ అదిమి ఉంచటం దీని ఉద్దేశం.

తొండంవలె సాగిన చర్మం గల పిల్లలలో, మిగిలిన చర్మాన్ని అప్పుడే కోసివేయాలా అనే ప్రశ్న వస్తుంది. పిల్లల చర్మానికి ముడుచుకొనే గుణం ఎక్కువ. చికిత్స అయిన వెంటనే ముడతలుగా, వికారంగా కనబడిన బొడ్డు కొన్ని నెలలలో సర్దుకొని చక్కని రూపు పొందటం సాధారణం. మరీ ఎక్కువ చర్మం ఉన్నప్పుడు మాత్రమే కొంతభాగం తొలగిస్తారు.

మానే కాలం

శస్త్రచికిత్స తరువాత మొదటి వారాలలో బొడ్డును చూచి పెక్కుమంది దిగులుపడతారు. అది వాచి, కమిలి, గట్టిగా ఉంటుంది. హెర్నియా తిరిగి వచ్చిందేమో అనిపిస్తుంది. సంచి ఉన్న ఖాళీలో నీరు చేరటం దీనికి సాధారణ కారణం. చాలావరకు అది కొన్ని వారాలలో దానంతటదే ఇంకిపోతుంది. దగ్గినప్పుడు పెరిగి, పడుకొన్నప్పుడు తగ్గే ఉబ్బైతే హెర్నియాను అనుమానించవలెను. ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే గట్టిదనం మానే గాయపు లక్షణం. సందేహం తీరకపోతే అల్ట్రాసౌండ్ పరీక్షలో తేడా తెలుస్తుంది. ఎరుపు, వేడి, చీము, జ్వరం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయరాదు.

మచ్చ ఏర్పడటం ఒక్కనాటి పని కాదు. మొదటి వారంలో గాయానికి బలం అత్యల్పం. కొల్లాజెన్ అనే నారపదార్థం క్రమంగా చేరి, మూడు నెలల ప్రాంతానికి గాయం తన గరిష్ఠబలాన్ని సమీపిస్తుంది. ఆ గరిష్ఠం కూడ మామూలు చర్మబలంలో నూటికి 80 వంతులను మించదు. అందుకే చికిత్స తరువాత కొన్ని వారాలు బరువులు ఎత్తవద్దని చెబుతారు. ఎర్రగా, ఉబ్బుగా ఉన్న మచ్చ చదునై, రంగు తగ్గటానికి ఆరునెలలనుంచి సంవత్సరం పైగా పడుతుంది. పొగత్రాగటం చర్మపు రక్తనాళాలను ముడిచివేస్తుంది. అదుపులేని మధుమేహం గాయాన్ని మాననివ్వదు. ఈ రెండూ రూపునూ చెడగొడతాయి, హెర్నియా తిరిగి రావటానికీ దోహదం చేస్తాయి.

రూపును సరిదిద్దే శస్త్రచికిత్స

ఇంత జాగ్రత్త తీసుకొన్నా కొందరిలో బొడ్డు చదునుగానో, ఒక ప్రక్కకు లాగినట్లుగానో, మరల ఉబికినట్లుగానో మిగలవచ్చును. అడుగుకు తగిలించిన కుట్టు ఊడటం, నీరు చేరి చర్మాన్ని పైకి నెట్టటం, రక్తం చాలక చర్మం కొంత చనిపోవటం, మచ్చ బిగుసుకొనటం ఇందుకు కారణాలు. అటువంటి బొడ్డును తీర్చిదిద్దే శస్త్రచికిత్స వేరుగా ఉన్నది. ఐతే దానికి తొందర పనికిరాదు. మచ్చ పూర్తిగా మెత్తబడేవరకు, అనగా సుమారు ఆరునెలలనుంచి సంవత్సరం వరకు ఆగవలెను. ఈలోగా అనేకుల బొడ్డు దానంతటదే చక్కబడుతుంది. చికిత్సకు పూర్వం హెర్నియా తిరిగి రాలేదని నిశ్చయించుకొనటం మొదటి పని. లోపల ద్వారం తెరిచి ఉండగా పైన చర్మాన్ని తీర్చిదిద్దటం, నీరు కారే గోడకు సున్నం వేయటం వంటిదే.

పద్ధతులు అనేకం ఉన్నా వాటి సూత్రం ఒక్కటే. మిగులు చర్మాన్ని త్రికోణాకారపు ముక్కలుగా తొలగించి, మిగిలిన అంచులను గుంటలోపలికి మడిచి, నారపొరకు లోతుగా కుడతారు. కుట్లు, మచ్చలు అన్నీ గుంటలోపలనే దాగేటట్లు చూస్తారు. బొడ్డు పూర్తిగా లేనివారికి చుట్టుప్రక్కల చర్మాన్ని చిన్న రేకలుగా విడదీసి, గరాటువలె మడిచి క్రొత్త బొడ్డు నిర్మిస్తారు. పొట్టమీద సాగిన చర్మాన్ని తొలగించే పెద్ద శస్త్రచికిత్సలో, బొడ్డును దాని కాడతోనే ఉంచి, పైచర్మంలో చేసిన క్రొత్త రంధ్రం గుండా వెలికి తెచ్చే పద్ధతిని 1957లో వెర్నన్ అనే వైద్యుడు వర్ణించాడు. ఆ శస్త్రచికిత్సనూ, హెర్నియా చికిత్సనూ ఒకేసారి చేసినప్పుడు బొడ్డుకు చుట్టునుంచీ అడుగునుంచీ రక్తం తగ్గి, చర్మం చనిపోయే ప్రమాదం ఉన్నది. కనుక ఈ రెండింటినీ కలుపవచ్చునా లేదా అన్నది అనుభవజ్ఞులు నిర్ణయించవలసిన విషయం.

అందమైన బొడ్డు ఎట్లా ఉండవలెనని కూడ పరిశీలనలు జరిగినవి. 2000లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశీలనలో, చిన్నదిగా, నిలువుగా లేక టి అక్షరపు ఆకారంలో ఉండి, పైన చర్మపు మడత గొడుగువలె కప్పిన బొడ్డును చూపరులు ఎక్కువగా మెచ్చుకొన్నారు. ఇటువంటి ఫలితాలు శస్త్రవైద్యునికి మార్గం చూపుతాయే గాని, తక్కినవి లోపభూయిష్టమని అర్థం కాదు. అడ్డంగా, గుండ్రంగా, ఉబ్బుగా ఉన్న బొడ్లు కూడ ఆరోగ్యవంతుల శరీరంపై ఉన్నవే.

తెలిసి ఉండవలసిన లక్షణాలు

బొడ్డు హెర్నియా ఉన్నవారు, వారి ఇంటివారు కొన్ని లక్షణాలను గుర్తుపెట్టుకొనవలెను. అంతకుముందు లోపలికి పోయే బుడిపె హఠాత్తుగా గట్టిపడి లోపలికి పోకపోవటం, నొప్పి, దానిపై చర్మం ఎర్రబడటం లేక నల్లబడటం, వాంతులు, పొట్ట ఉబ్బరం, మలం గాని వాయువు గాని పోకపోవటం. వీటిలో ఏది కనిపించినా రాత్రి పగలు చూడకుండ ఆస్పత్రికి చేర్చవలెను. బుడిపెను బలవంతంగా నెట్టటం, కాపడం పెట్టటం, విరేచనానికి మందు ఇవ్వటం అపాయకరం.

బొడ్డు ఉబ్బిన పిల్లవాడు వ్యాయామం తరగతిలోగాని, చెరువులో ఈత దగ్గరగాని చొక్కా విప్పటానికి వెనుకాడవచ్చును. తోటివారు పెట్టే పేర్లకు భయపడి ఆ పిల్లవాడు బుడిపెనూ, ఒకనాడు దానితోపాటు నొప్పినీ దాచుకొంటాడు. జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు బొడ్డు ఎట్లా ఏర్పడినదో, పుట్టకముందు అందరి పేగులూ ఆ త్రోవనే వెలికి వచ్చి ఎట్లా తిరిగి పోయినవో ఒక పాఠంలో చెప్పగలిగితే, ఎగతాళికి చోటు తగ్గుతుంది. ఐదేండ్లు దాటిన తరువాత కూడ ఉబ్బు మిగిలి ఉన్న పిల్లవానిని వైద్యునికి చూపవలసినదని తల్లిదండ్రులకు తెలియజేయటం కూడ పాఠశాల చేయదగిన పనే. బడి ఈడులో జరిగే ఈ చికిత్స చిన్నది. పిల్లవాడు సామాన్యంగా ఆనాడే ఇల్లు చేరుకొంటాడు. దాని గుర్తు బొడ్డు మడతలో ఒక సన్నని గీత మాత్రమే.